పదిహేను రోజులకోసారి ఒడిబియ్యం

నకిరేకల్ పక్క ఊరు, నేతవాడ
9 ఏప్రిల్ 2020

తమ్ముడు సిద్దిరాములుకు అక్క సుగుణమ్మ రాస్తున్నది.

ముందుగా ఒక మాట. నేను ఒట్టు తప్పలేదు. తెలంగాణ వచ్చిన ఏడాది నీ ఇంటి గడప దిగుతూ, ఇక నీ గొంతు వినను అన్నాను. ఉత్తరం రాయను అని మాత్రం అనలేదు. కావాలంటే ఆ రోజు అక్కడున్న ఇరవై మందిని అడుగు. ఫోన్ చేస్తే నీ గొంతు వినపడుతుంది కాబట్టి కాగితం తీసుకున్నాను. మా కొడుకు శ్రవణ్ పక్కన కూర్చుని నవ్వుతున్నాడు, నవ్వనీ.

ఉభయకుశలోపరి అని రాయాలట. ఆరేళ్ళుగా నీ కుశలం నేను అడగలేదు, నా కుశలం నువ్వు అడగలేదు, కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

సంగతికి వస్తాను. మొన్న మంగళవారం పొద్దున్నే వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే గడప మీద మూట ఉంది. కొత్త తువ్వాలలో కట్టి ఉంది. విప్పితే పసుపు కలిపిన బియ్యం, ఐదు ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు, ఒక రవిక గుడ్డ, కవర్లో ఐదు వందల పదహారు రూపాయలు. చీటీ మీద ‘పుట్టింటి నుంచి ఒడిబియ్యం’ అని రాసి ఉంది. పేరు లేదు. పేరు రాయడానికి నీకు మొహం చెల్లలేదని నాకు అర్థమైంది. చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. అమ్మా నాయినా పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వే కదా.

ఏడవడం అయ్యాక కోపం వచ్చింది. ఒడిబియ్యం ఇట్లాగేనా ఇచ్చేది? ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, తమ్ముడు తన చేత్తో ఒడిలో పోయాలి. ఎవరి చేతనో పంపి గడప మీద పెట్టించడం నేను ఎక్కడా చూడలేదు. సరే, కరోనా అని సర్దుకున్నాను. కానీ మూట అడుగున కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్, రెండు సబ్బులు ఉన్నాయి. ఒడిబియ్యంలో సబ్బు పెట్టే ఆచారం ఎవరింట్లో ఉంది? ఇది నీ పెళ్ళాం స్వరూప ఆలోచనే అయి ఉంటుంది. మగ్గం మీద బతికే ఆడబిడ్డకు ఆ రోజు మిల్లు చీర పెట్టి గడప దిగేలా చేసిన మనిషి సబ్బు పెట్టదా?

అయినా సమయానికి పంపావు. నూలు రావడం లేదు. నేసిన చీరలు కొనేవాడు లేడు. నెల నుంచి మగ్గం గుంటలో పిల్లి పడుకుంటున్నది. శ్రవణ్ భివండి బట్టల మిల్లులో పని ఆగిపోయి పెళ్ళాం పిల్లలతో వచ్చాడు, ఇప్పుడు ఆరుగురం. సర్కారు బియ్యం కార్డులో ఉన్న మా ఇద్దరికే. పోయిన వారం మా బడి పంతులు అమరేందర్, ఆయన భార్య సంధ్య ఊళ్ళో చందాలు వేసుకుని సరుకుల సంచులు పంచారు. మా వాడకు వస్తే ముందు నేనే తలుపు వేశాను. “ఊరికి బట్ట కట్టిచ్చెటోళ్లం సారూ, మేం చెయ్యి చాపం” అన్నాను. నన్ను చూసి వాడలో పన్నెండు ఇళ్ళూ తలుపులు వేశాయి. చెప్పుకోవడానికి బాగుంది కానీ ఆ పూట అందరం గంజి తాగాం.

ఇప్పుడు ఫికర్ లేదు. పుట్టింటి బియ్యం తినడానికి ఎవరికీ సిగ్గుపడక్కర్లేదు.

ఒట్టు ఒట్టే, ఫోన్ చేయకు.
మీ అక్క సుగుణమ్మ


మక్తల్
17 ఏప్రిల్ 2020

అక్కకు, తమ్ముడు సిద్దిరాములు కాళ్ళు మొక్కి రాస్తున్నాడు.

పోస్టాయన కవరు గేటు మీద పెట్టి నాలుగు అడుగులు వెనక్కి పోయి అరిచాడు. చిరునామా చూడగానే నీ రాత గుర్తుపట్టాను. ‘త’కు తలకట్టు పెట్టకుండా రాసేది మన వంశంలో నువ్వొక్కదానివే. లోపల ఏముందో చదవకముందే స్వరూపకు చెప్పాను, అక్క రాసింది అని. చదివి వినిపించకుండా ఉండాల్సింది.

అక్కా, నీ దగ్గర అబద్ధమాడలేను. ఆ బియ్యం నేను పంపలేదు. పంపి ఉంటే బాగుండేది, పంపాలని నాకు తోచి ఉంటే ఇంకా బాగుండేది, కానీ పంపలేదు. నువ్వు తిట్టినా సరే, నిజం ఇది. నువ్వు అక్కడ ఆరుగురితో గంజి తాగావని చదివి నాకు అన్నం దిగలేదు.

ఇక్కడ ఇంకో తంటా వచ్చింది. ఉత్తరం విన్న స్వరూప లేచి పోయి బియ్యం డబ్బా కొలిచింది. “నాకు చెప్పకుండ అక్కకు పంపితివా? చెప్తే నేనద్దంటనా?” అని అడిగింది. పంపలేదంటే నమ్మలేదు. నువ్వేమో పంపావు అంటావు, ఆమె కూడా పంపావు అంటుంది, ఇంట్లో నా మాట ఒక్కటే తక్కువైంది.

మా సంగతి ఫికర్ చేయకు. నేను పనిచేసే బట్టల దుకాణం మార్చి నుంచి మూసి ఉంది. జీతం లేదు. కానీ మా సేటు ధర్మాత్ముడు. పదిహేను రోజులకోసారి స్వరూపను పిలిచి బియ్యం, పప్పు, నూనె ఇచ్చి పంపుతున్నాడు. నన్ను పిలవడు. ఎదురుపడి తీసుకోవడానికి నేను మొహమాటపడతానని ఆయనకు తెలుసు. అంత మర్యాద గల మనిషిని ఈ రోజుల్లో చూడలేం. ఇక్కడ కూడా బడి దగ్గర సున్నంతో గుండ్రాలు గీసి, మనుషులను వాటిలో నిలబెట్టి సంచులు పంచుతున్నారు. నేను ఆ దారిన నడవను కూడా. మనం అట్లాంటి మనుషులం కాదు కదా.

బావకు దండాలు. శ్రవణ్ పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు
సిద్దిరాములు


నేతవాడ
25 ఏప్రిల్ 2020

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. అందగానే మీ బావ దాన్ని చేటలో పెట్టి పసుపు నీళ్ళు చల్లి, ఒక పగలంతా ఎండబెట్టాడు. మక్తల్‌లో కరోనా ఉందో లేదో మనకేం తెలుసు అన్నాడు. దానివల్ల నడుమ నాలుగైదు వరుసలు కలిసిపోయి సిరా ముద్ద అయింది. ‘నీ దగ్గర అబద్ధమాడలేను. ఆ బియ్యం నేను పంప’ వరకు బాగా కనపడింది. తర్వాత పచ్చగా ఉంది. మిగతాది నేను అర్థం చేసుకున్నాను.

నిజం ఒప్పుకున్నందుకు సంతోషం. అడుగున ‘అన్నం దిగలేదు’ అన్నది కూడా కనపడింది. అంత బాధపడకు, ఆరేళ్ళు ఆలస్యమైనా పంపావు. స్వరూప బియ్యం డబ్బా కొలిచిందని చదివి నాకు నవ్వొచ్చింది. పెళ్ళానికి చెప్పకుండా అక్కకు పంపావన్నమాట. ఇంత ధైర్యం నీకెప్పుడు వచ్చింది?

ధైర్యం సరే, లెక్క ఉండాలి. బుధవారం మళ్ళీ మూట వచ్చింది. పసుపు బియ్యం, కుడుకలు, రవిక గుడ్డ, అదే ఐదు వందల పదహారు, అవే సబ్బులు. ఒడిబియ్యం మూడేళ్ళకో ఐదేళ్ళకో పోస్తారు. పదిహేను రోజులకోసారి పోస్తే వినేవాళ్ళు నవ్వుతారు. వాళ్ళు లేకపోతే నేనే నవ్వుతాను. ఆరేళ్ళ బాకీ ఒకేసారి తీరుస్తున్నావా? బియ్యం బాగున్నాయి, నూకలు జర ఎక్కువ. సంచి మీద నకిరేకల్ మిల్లు ముద్ర ఉంది. అక్కడి నుంచి మోసుకురాకుండా ఇక్కడే కొనిపించావు చూడు, ఆ తెలివి నాయినది.

ఇంకో వింత చెప్పాలి. ఆ పొద్దున వాడలో పన్నెండు ఇళ్ళ గడపల మీదా మూటలున్నాయి. అందరి చీటీ మీదా ‘పుట్టింటి నుంచి’ అనే ఉంది. నువ్వు మొదలుపెట్టావు, అది చూసి మిగతా అన్నదమ్ములకు సిగ్గు వచ్చింది అని నేను వాడంతా చెప్పాను. అందరూ తల ఊపారు. ఏమిటో, ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు.

ఒక్క బీరమ్మ సంగతే నాకు అర్థం కాలేదు. వాడ చివర గొర్ల మంద ఇల్లు ఉంది చూడు, ఆమె. బీరమ్మకు అన్న లేడు, తమ్ముడు లేడు, పెద్దనాయిన కొడుకు కూడా లేడు. ఆమె గడప మీదా మూట ఉంది. ఎవరు పంపారే అని అడిగాను. “ఎవడో ఒకడు నన్ను అక్క అనుకున్నడు. నేనెందుకు కాదంట?” అంది. అప్పటి నుంచి ఆమె పనిపాటా మాని, వాళ్ళ నాయిన ఏ ఊళ్ళకు గొర్లు తోలుకుపోయేవాడో, ఆ ఊళ్ళలో ఎన్నాళ్ళు ఉండేవాడో ఆరా తీస్తున్నది. ముసలాయన పోయి పదేళ్ళయింది కాబట్టి సరిపోయింది.

మూడోసారి పంపితే సబ్బు తీసేసి ఎండుమిర్చి పెట్టు.

దీవెనలతో,
అక్క


మక్తల్
3 మే 2020

అక్కకు దండాలు.

ఈసారి ముద్ద కాని బాల్ పెన్నుతో రాస్తున్నాను. బావకు చెప్పు, నీళ్ళు చల్లకుండా ఉట్టిగా ఎండబెట్టమని.

పంపలేదు. పంపలేదు. పంపలేదు. మొదటి మూట నాది కాదు, రెండో మూట నాది కాదు. నాయిన మీద ఒట్టు. నా దగ్గర ఐదు వందల పదహారు ఎక్కడివి? పోయిన నెల సెలూన్లు లేక స్వరూపే కత్తెరతో నా జుట్టు కత్తిరించింది. అద్దం చూసి సెలూన్లు తెరిచేదాకా బయటికి రానని చెప్పాను.

నీ ఉత్తరం ఈ ఇంట్లో ఎంత పని చేసిందో నీకు తెలియదు. మూట రెండోసారి కూడా వచ్చిందని విని, సేటు ఇచ్చిన బియ్యంలో సగం నేను దొంగచాటుగా నీకు పంపుతున్నానని స్వరూపకు ఖాయమైంది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు. “పంపితే పంపినవ్ గని, తెచ్చేదెట్లనో నాకు తెలుసు” అని లోపలికి పోయింది. ఆమె దేని గురించి అన్నదో నాకు బోధపడలేదు. నాలుగు రోజుల నుంచి అన్నం పెడుతున్నది, మాట్లాడటం లేదు.

అందుకే నేను కూర్చుని ఆలోచించాను. నకిరేకల్ మిల్లు సంచి, పన్నెండు ఇళ్ళకు ఒకే రోజు, పప్పు, నూనె, సబ్బులు. అక్కా, సబ్బు పంచేది ఎవరు? నాకు మీ అమరేందర్ పంతులు మీద అనుమానం. మీరు తలుపులు వేసుకున్నారని ఆయన ఈ ఉపాయం పన్ని ఉంటాడు. బీరమ్మకు తమ్ముడు లేడన్న సంగతి పంతులుకు తెలియకపోవచ్చు. ఒకసారి అడిగి చూడు.

నిజం తేలితే స్వరూప నాతో మాట్లాడుతుంది.

నీ తమ్ముడు
సిద్దిరాములు


నేతవాడ
10 మే 2020

సిద్దిరాములుకు,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా ఒళ్ళు మండుతున్నది. అది నువ్వు పంపినదైతే నీ మీద, కాకపోతే అందరి మీద.

పంతులును అడగడానికి పోయాను. ఆయన లేడు, బస్తాల కోసం నకిరేకల్ పోయాడట. సంధ్య ఉంది. “మూటలు మీరు పెడుతున్నరా బిడ్డా?” అని అడిగాను. ఆ పిల్ల మాస్కు సర్దుకుంటూ, “మీ పుట్టింటోళ్లను అడిగితే తెలుస్తది కదమ్మా” అంది. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. కళ్ళు ఒక్కటే కనపడుతున్నప్పుడు మనిషిని పట్టుకోవడం కష్టం.

ఇంటికొచ్చేసరికి మూడో మూట గడప మీద ఉంది. విప్పలేదు. తీసి మగ్గం మీద పెట్టాను. అది ధర్మం బియ్యమైతే నేను ముట్టను. నేను ముందు నిలబడి అందరి తలుపులూ వేయించినదాన్ని. అదే బియ్యం దొడ్డిదారిన నెల రోజులు తిని, పైగా తమ్ముడు పంపాడని వాడంతా చాటుకున్నాను. ఈ మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

మాకు మిగిలింది సర్కారు బియ్యం ఐదారు సేర్లు. పిల్లలకు అన్నం, మాకు గంజి. మీ బావకు షుగరు, గంజి తాగి కళ్ళు తిరుగుతున్నాయి. అయినా నన్ను ఏమీ అనడు. నిన్న ఒక్క మాట అన్నాడు. “ఫోన్ చెయ్యరాదే, ఒక్క నిమిషంల తేలిపోతది.” నా ఒట్టు సంగతి గుర్తు చేశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. శ్రవణ్ చిన్న కూతురు మగ్గం దగ్గరికి పోయి మూటను తట్టి చూసి వస్తున్నది. రోజూ నాలుగైదుసార్లు పోతుంది. నాకది చూడబుద్ధి కావడం లేదు.

అందుకని ఒక్క మాట రాయి. పంపావా, లేదా? రెండు ఉత్తరాల్లో నువ్వు ఏం రాశావో అంతా మరిచిపోతాను. ఒకటి పసుపు నీళ్ళలో పోయింది, ఇంకొకటి పెళ్ళానికి భయపడి రాసి ఉండొచ్చు. పంపితే పంపాను అని రాయి, ఆ పూటే మూట విప్పి వండుతాను. పంపకపోతే లేదని రాయి, మూట తీసుకుపోయి బడి అరుగు మీద పెట్టి వస్తాను. తర్వాత మా తిప్పలు మేం పడతాం.

పోస్టాయనకు ఎదురుచూస్తుంటాను.
సుగుణమ్మ


మక్తల్
16 మే 2020

అక్కకు,

పంపాను.

మూడు మూటలూ నేనే పంపాను. నాయిన మీద వేసిన ఒట్టు వెనక్కి తీసుకుంటున్నాను, ఆయన అర్థం చేసుకుంటాడు. స్వరూపకు భయపడే అట్లా రాశాను. నువ్వు సరిగానే కనిపెట్టావు. ఈ ఉత్తరం చదవగానే మూట విప్పు. చదవడం పూర్తి కాకపోయినా విప్పు.

పన్నెండు ఇళ్ళకు ఎట్లా వచ్చాయి అని మళ్ళీ నీకు అనుమానం వస్తుంది. అవి కూడా నేనే పంపాను. నీ ఒక్కదానికే పంపితే పక్కవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని అందరికీ పంపాను. బీరమ్మకు పంపింది కూడా నేనే. ఆమెకు తమ్ముడు లేడని నాకు ముందు నుంచీ తెలుసు, అందుకే పంపాను. మిల్లు నకిరేకల్‌దే, మనిషిని పెట్టాను, పేరు చెప్పొద్దన్నాను. సబ్బులు కూడా నేనే ఏరి పెట్టించాను.

డబ్బు ఎక్కడిదని అడగకు. మా సేటు ఇచ్చాడు. ఆయన ఇట్లాంటివి బయటికి చెప్పుకోడు, నువ్వూ చెప్పకు.

బావను అన్నం తినమను. చిన్నదాని సంగతి చదివి నాకు ఏమీ తోచలేదు. అక్కా, ఎక్కువ ఆలోచించకు, వండు.

నీ తమ్ముడు
సిద్దిరాములు


వదినా, ఇక్కడి నుంచి స్వరూప రాస్తున్నది. ఆయన ఉత్తరం రాసి, కవరు అంటించమని నాకిచ్చి స్నానానికి పోయాడు. రాసింది చదివాను. పన్నెండు ఇళ్ళకు పంపాడట. ఈయన ఒంటి మీద ఉన్న బనీను చూస్తే మీరు నవ్వుతారు.

ఆయన పంపలేదు. సేటు కూడా మాకేమీ ఇవ్వలేదు. సేటు మార్చి ఇరవై రెండు నుంచి ఫోన్ ఎత్తడం లేదు. మేం తింటున్నది బడి దగ్గర పంచే బియ్యం. పదిహేను రోజులకోసారి నేనే పోయి ఆ సున్నపు గుండ్రాల్లో నిలబడి తెస్తున్నాను. మీ తమ్ముడికి చెబితే మూతి ముడుచుకుని పస్తు పడుకుంటాడు, అందుకే సేటు పేరు చెప్పాను. మొదటి రోజు కొంగు కళ్ళదాకా లాక్కుని నిలబడ్డాను. చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. వాళ్ళు నన్ను ఇంట్లో ఎందరని అడిగారు, నలుగురం అన్నాను, ఇచ్చారు. ఇంకేమీ అడగలేదు. ఇంటికొచ్చి వండితే అన్నం అన్నంలాగే ఉంది.

మీరు మూట విప్పలేదని విన్నాక రెండు రోజుల నుంచి నాకు నిద్ర లేదు. మీరిద్దరూ ఒక్క తల్లి పిల్లలే, అనుమానం లేదు. మీరు తినకపోతే ఇక్కడ ఈయన తినడు. ఈయనకు సేటు సంగతి చెప్పకండి.

మిల్లు చీర పెట్టడం నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ అది భివండి సరుకు. మీ శ్రవణ్ నేసిందే అయి ఉండొచ్చు.


నేతవాడ
23 మే 2020

తమ్ముడు సిద్దిరాములుకు, మరదలు స్వరూపకు, సుగుణమ్మ దీవించి రాస్తున్నది.

మూట విప్పాను. వండాను. మీ బావ మూడుసార్లు పెట్టించుకున్నాడు. చిన్నది తిని తిని ఆకు మీదే నిద్రపోయింది. ముందు ఈ మాట రాస్తే నీ ప్రాణం కుదుటపడుతుందని రాశాను, మిగతాది మెల్లగా చదువు.

నీ అబద్ధం చాలా బాగుంది. వాడకట్టు ఆడవాళ్ళను వాకిళ్ళలో ఎవరి గడప మీద వాళ్ళను కూర్చోబెట్టి, నడిబజారులో నిలబడి గట్టిగా చదివి వినిపించాను. పన్నెండు ఇళ్ళకూ నేనే పంపాను అన్న దగ్గరికి రాగానే ఎదురింటి ప్రమీలమ్మ నోట్లో కొంగు పెట్టుకుంది. ఎందుకే అని అడిగితే, వాళ్ళ అన్న కూడా ఫోన్‌లో నేనే పంపాను అన్నాడట. మంజులత తమ్ముడూ అదే అన్నాడట. ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. బీరమ్మ కాక పదకొండు మందిమి. పది మంది అన్నదమ్ములు మొదటి రోజే, అవును నేనే పంపాను అని ఒప్పుకున్నారు. ఒక్కడూ పంపలేదు. తమవాడు అబద్ధమాడుతున్నాడని ఈ ఆడవాళ్ళందరికీ తెలుసు. పక్కింటావిడ తమ్ముడు నిజంగా పంపి ఉంటాడేమో, మనవాడు పంపలేదంటే పరువు పోతుందని ఎవరికి వాళ్ళే నోరు మూసుకుని తిన్నారు. నెల రోజులు నమ్మింది నేనొక్కదాన్నే.

అంతమందిలో నిజం చెప్పింది నువ్వొక్కడివి. అది కూడా రెండు ఉత్తరాల పాటే. నాకు గర్వంగా ఉంది, కోపంగా కూడా ఉంది. అంత నిజం ఎవరడిగారు నిన్ను?

బీరమ్మ అంతా విని, “నా తమ్ముడొక్కడే అబద్ధమాడలే” అంది. వాడంతా నవ్వింది. అప్పటికింకా మూట విప్పలేదు, నేను కూడా ఆ గంజి కడుపుతోనే కింద కూర్చుని నవ్వాను. మార్చి తర్వాత ఈ వాడలో అంత నవ్వు వినలేదు. నవ్వి నవ్వి ఏడుపు వచ్చింది, అది ఎవరూ చూడలేదనుకుంటాను.

తర్వాత నేనే ముందు నడిచి అందరినీ బడి దగ్గరికి తీసుకుపోయాను. తలుపు వేయించింది నేను కాబట్టి తీయించాల్సింది కూడా నేనే. అమరేందర్ పంతులు మమ్మల్ని చూసి తిట్టడానికి వచ్చామనుకుని లేచి నిలబడ్డాడు. ఆ ఉపాయం సంధ్యదట. ఆ పిల్ల కూడా నేతవాళ్ళ బిడ్డే, బియ్యం ఎవరు పంపితే మనం కాదనమో దానికి తెలుసు. “సారూ, మా పేర్లు రాసుకోండ్రి, ఆకలైతున్నది” అన్నాను. ఆ మాట నోటి నుంచి రావడానికి ఇంత కష్టపడ్డాను కదా, తీరా వచ్చాక ఏమీ కాలేదు. ఇంట్లో ఎందరని ఆయన అడిగాడు. ఆరుగురం అన్నాను. రాసుకున్నాడు.

నేను ఎందుకు మారానని నీకు అనుమానంగా ఉంటుంది. నీ ఉత్తరం చివర ఉన్నది చదివి మారాను. ఏం రాశావో నీకు గుర్తుండదు, అడగకు.

ఇక నీకు ఒక్క పని చెప్తున్నాను, కాదనకు. మీ సేటు ఏమి పంపితే అది తిను. ఎక్కడిది, ఎట్లా ఇచ్చాడు, ఎందుకు ఇచ్చాడు అని తరచి అడగకు. ఎండలో నిలబడి, సిగ్గు చంపుకుని ఇంకొకరి కడుపు నింపడం ఎంత పెద్ద పనో మనిద్దరికీ తెలియదు. మనం తలుపులు వేసుకునేవాళ్ళం. ఆరేళ్ళు నేను ఆ సేటును ఏమిటేమిటో అనుకున్నాను, వాడకట్టంతా చెప్పుకుని తిట్టాను. అది తప్పు. వయసులో నా కంటే చిన్నవారైనా ఆ సేటుకు చేతులెత్తి దండం పెడుతున్నానని చెప్పు. నువ్వు ఎక్కడికీ పోయి చెప్పక్కర్లేదు. ఈ ఒక్క ముక్క స్వరూప ఎదురుగా కూర్చుని గట్టిగా చదువు, చాలు.

మీ అక్క
సుగుణమ్మ